పేరు ఒక్కటే రాయలేదు

లోర్నా టెస్కీ పరిగెడుతోంది!

మోకాళ్ల దాకా మంచు. కారు పోయే దారిలో మంచు తోసే బండి అడ్డంగా ఆగిపోయింది. అందుకే కాలినడక వంతెన మీదుగా అడ్డదారి.

పట్టపగలు. పన్నెండూ నలభై ఒకటి.

చెవి దగ్గర ఫోన్.

"మారెన్! వింటున్నావా?"

"వింటున్నా..." గుసగుసగా ఉంది గొంతు. "బయట ఎవరో ఉన్నారు ఆఫీసర్. తలుపు గుంజుతున్నారు."

"ఎక్కడున్నావ్?"

"పాల ట్యాంకు గదిలో. లోపల గడియ పెట్టుకున్నా. మిగతావాళ్లంతా భోజనానికి పోయారు."

"మంచి పని చేశావు తల్లీ. ఆ గడియ మాత్రం తీయకు!"



"నా పేరు బయటికి రాదన్నారు మీరు."

"రాలేదు మారెన్. నీ పేరు నేను ఎక్కడా..."

"పేరు ఒక్కటే రాయలేదు. మిగతాదంతా రాసేశారు!"



నిజమే. రాసింది తనే.

నిన్న తెల్లవారుజామున గ్రీన్‌హౌస్ వెనక ఎవడో కొరిన్ అనే విద్యార్థిని గొంతు వెనక నుంచి నులిమాడు. చచ్చిందనుకుని పారిపోయాడు. కొరిన్ బతికింది. కానీ మొహం చూడలేదు. వాడు పరిగెత్తి పోవడం చూసింది యూనివర్సిటీ పాల షెడ్డులో పనిచేసే విద్యార్థిని మారెన్ ఓడెగార్డ్ ఒక్కతే.

యూనివర్సిటీ పోలీసుల్లో లోర్నా పని దొంగల్ని పట్టడం కాదు. బాధితులకీ, సాక్షులకీ అండగా నిలబడడం. ఆస్పత్రిలో పక్కన కూర్చోవాలి. హాస్టల్ గది మార్పించాలి. కోర్టు మెట్లెక్కేటప్పుడు వెంట నడవాలి. పదకొండేళ్లుగా అదే పని. ఆ పని తనకంటే బాగా ఎవరూ చేయలేరని కాస్త పొగరు కూడా ఉంది.

ఇవాళ తొమ్మిదింటికి ఆ పొగరే ముంచింది.

నేరం జరిగితే క్యాంపస్ మొత్తానికి హెచ్చరిక పంపాలి. చట్టం అది. ఇరవై నిమిషాల్లో రాసేసింది. కొరిన్ పేరు లేదు. మారెన్ పేరు లేదు. చివర్లో ఒక్క వాక్యం.

'నాలుగున్నరకు పాలు పితికే షిఫ్టుకు వెళ్తున్న విద్యార్థిని ఒకరు నిందితుణ్ణి చూశారు.'

ముప్పై వేల ఫోన్లు ఒకేసారి మోగాయి.

ఆ షిఫ్టుకి వెళ్లేది ఒకే ఒక్క అమ్మాయి! పాల షెడ్డు తలుపు మీద షిఫ్టుల చార్టు అంటించే ఉంది. చదువొచ్చిన వాడెవడైనా చదువుకోవచ్చు.

ఛీ! ఎంత తెలివితక్కువ పని!

"మారెన్, తప్పు నాదే. నేనే వస్తున్నా. అంతకంటే ముందు ఇంకో ఆఫీసర్ని పంపిస్తా. మనం నిన్న అనుకున్న గుర్తు మాట చెప్తేనే తలుపు తియ్యి. ఫోన్ చప్పుడు కాకుండా చేసి జేబులో పెట్టుకో. మోగితే బయటికి వినిపిస్తుంది."

ఫోన్ కట్టయింది.

భుజం మీది మైకు నొక్కింది.

"బెవ్! పాల షెడ్డుకి దగ్గర్లో ఎవరున్నారు? సాక్షి లోపల ఉంది!"

కంట్రోల్ రూంలో బెవ్ నోరు తెరిచేలోపే ఇంకో గొంతు వచ్చింది. డేల్ రుస్తాద్. లోర్నాతో పాటు ఉద్యోగంలో చేరినవాడు.

"నేను పక్కనే ఉన్నా లోర్నా. రెండు నిమిషాలు చాలు."

హమ్మయ్య!

"మాట చెప్పందే తియ్యదు డేల్. 'రూబర్బ్' అను. ఆ పిల్లకిష్టమైన ఆవు పేరు."

"రూబర్బ్..." డేల్ నవ్వాడు. "సరే."

లోర్నా మళ్లీ పరుగందుకుంది. వంతెన దాటింది. గడియారం చూసుకుంది. పన్నెండూ నలభై తొమ్మిది.

ఇవాళ నెలలో మొదటి బుధవారం. ఒంటిగంటకి సుడిగాలి వస్తే హెచ్చరించే సైరన్‌కి పరీక్ష. నిమిషం పాటు ఊరంతా చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. చిన్నప్పటి నుంచీ అలవాటే, ఎవరూ తల కూడా తిప్పరు. ఆ నిమిషంలో తుపాకీ పేలినా ఎవరికీ తెలియదు.

లోర్నా అడుగుల వేగం పెంచింది.

మారెన్ నిన్న చెప్పింది మళ్లీ గుర్తు చేసుకుంది. పొడుగు మనిషి. నల్ల కోటు. 'ఎడమ చెయ్యి నడుముకి అదిమిపెట్టుకుని పరిగెత్తాడు ఆఫీసర్. దెబ్బ తగిలిందేమో.'

నిందితుడి నడుముకి గాయం... అని లోర్నా రాసుకుంది. నిన్నంతా ఊళ్లో ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేసింది. ఎక్కడా గాయపడ్డ మనిషి లేడు.

ఎడమ చెయ్యి... నడుముకి...

లోర్నా ఠక్కున ఆగిపోయింది.

తన ఎడమ చేతి వైపు చూసుకుంది.

ఆ చెయ్యి నడుము దగ్గర తాళాల గుత్తిని అదిమిపట్టుకుని ఉంది!

పరిగెత్తేటప్పుడు తాళాలు మోగకూడదు. పోలీసు శిక్షణలో మొదటి వారం నేర్పే పాఠం. పదకొండేళ్లలో చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. తనది. బెవ్‌ది.

డేల్‌ది!

పొద్దున టీ గదిలో డోనట్ కొరుకుతూ అడిగాడు. 'ఎవరా సాక్షి? నాక్కూడా చెప్పవా?' చెప్పనంది. ఎంత గొప్పగా చెప్పనంది! ఇప్పుడు మైకులో, తన నోటితోనే...

రూబర్బ్.

మారెన్‌కి ఫోన్ చేసింది. ఎత్తదు. చప్పుడు ఆపెయ్యమన్నది తనే కదా! రేడియోలో చెప్తే డేల్ వింటాడు. కంట్రోల్ రూం నంబరు కొట్టింది. ఎంగేజ్! ఆ హెచ్చరిక చూసి పొద్దున్నుంచి తల్లిదండ్రులు చేస్తూనే ఉన్నారు. అదీ తన పుణ్యమే.

షెడ్డు వచ్చేసింది.

పన్నెండూ యాభై ఏడు.

తుపాకీ తీసి లోపలికి అడుగుపెట్టింది. ఆవులు తలలెత్తి చూశాయి. ఆ చివర ట్యాంకు గది. ఇనప తలుపు. మూసే ఉంది!

"తుపాకీ కింద పెట్టు లోర్నా."

గొంతు పక్కనుంచి వచ్చింది. గడ్డి మోపుల చాటు నుంచి. డేల్ చేతిలో తుపాకీ సూటిగా తన గుండె మీదికి ఉంది.

వంగి కింద పెట్టింది.

"మాట చెప్పా. తియ్యలేదు," అన్నాడు డేల్. నుదుటి మీద ఈ చలిలోనూ చెమట. "నీ గొంతు వినాలంట. నీ పిల్లే కదా, పిలువు."

మారెన్ తలుపు తియ్యలేదు! తన మాట మీద నమ్మకం పోయింది కాబట్టి బతికింది. లోర్నాకి ఏడుపొచ్చింది. సిగ్గుతో.

"కొరిన్‌ని ఎందుకు డేల్?"

"నా మీద కంప్లయింట్ పెడతానంది. ఉద్యోగం పోయేది. చాలా, ఇంకా కావాలా?" గడియారం చూశాడు. "రెండు నిమిషాల్లో సైరన్. పిలువు!"

అతని నడుము దగ్గర రేడియో ఉంది. దాని దీపం ఆరిపోయి ఉంది. ఆపేసుకున్నాడు!

లోర్నా ఎడమ చెయ్యి మెల్లగా నడుము మీదికి పోయింది. తాళాల మీదికి. తాళాల పక్కనే తన రేడియో. రేడియో నెత్తిన నారింజ రంగు బటన్. ఆపదలో నొక్కితే మైకు తెరుచుకుంటుంది. ఇక్కడి మాటలన్నీ కంట్రోల్ రూంలో వినిపిస్తాయి.

డేల్ చూశాడు. నవ్వాడు.

"అలవాటు పోలేదే నీకు! వదిలెయ్ ఆ తాళాలు. ఇక్కడెవరికి వినబడతాయి?"

లోర్నా నొక్కింది.

"నిన్న కొరిన్ గొంతు నులిమి, ఇప్పుడు పాల షెడ్డులో నా మీద తుపాకీ పెట్టింది నువ్వేనన్నమాట, డేల్ రుస్తాద్!"

"నేనే. ఇప్పుడు పిలువు."

లోర్నా తలుపుకేసి తిరిగింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"మారెన్! తలుపు తియ్యకు! నేను పిలిచినా తియ్యకు! నా మాట నమ్మకు తల్లీ!"

డేల్ మొహం పాలిపోయింది.

లోపల ధడేల్‌మని రెండో గడియ పడింది.

క్షమించిందో లేదో తెలియదు. మాట మాత్రం విన్నది.

ఒంటిగంట!

సైరన్ ఊరంతా ఊళ పెట్టింది. డేల్ పెదాలు ఏదో తిట్టాయి. వినబడలేదు. తుపాకీ కొసన మెరుపు మాత్రం కనిపించింది...

లోర్నా భుజం మండింది. నేల మీద పడింది. ఆవులు బెదిరి కదులుతున్నాయి. డేల్ తలుపుని తంతున్నాడు. భుజంతో గుద్దుతున్నాడు. గడియలు కదలలేదు.

లోర్నా లెక్కపెడుతోంది. నలభై... యాభై... అరవై.

నిమిషం అయిపోయింది. పరీక్ష ముగిసింది.

డేల్ తలుపు తన్నడం ఆపి చెవులు రిక్కించాడు.

సైరన్ ఆగలేదు.

ఒకటి కాదు... నాలుగైదు... పోలీసు కార్లవి! అవతలి రోడ్డు వైపు నుంచి దగ్గరవుతున్నాయి!