విత్తనాల గిడ్డంగిలో వెంట్రుకల పురుగు

గిడ్డంగి యజమానురాలు డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే ఏడుపు మొదలుపెట్టింది.

"అయ్యా, మా విత్తనాల గోధుమల్లో పురుగు పడింది. అది నిల్వ ధాన్యాన్ని పొట్టు చేసే కాప్రా పురుగే అయితే శనివారం వ్యవసాయ అధికారి వచ్చి మొత్తం తగలబెట్టిస్తారట! రైతులు ఏం చల్లుకోవాలి? వాళ్లకు నా మొహం ఎలా చూపించను?"

అసిస్టెంటుకు జాలేసింది. డిటెక్టివ్‌కు మాత్రం ప్రశ్నలే పుట్టాయి. ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. అది ఆయన చేతిలో ఎవరూ చూడలేదు, ఆ కళ్లకు దాని అవసరమూ లేదు.

"ముందు చూసిందెవరమ్మా?"

"మా తమ్ముడు. గిడ్డంగులకు పురుగుమందు పొగ పెడతాడు. తాళాలు మా ఇద్దరి దగ్గరే ఉంటాయి."

గిడ్డంగిలో గోడ పగుళ్లన్నీ డిటెక్టివ్ కుంచెతో దులిపించాడు. కాప్రా కాపురం పెడితే అక్కడ విడిచిన చర్మాలు కుప్పలుగా రాలాలి. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. పురుగులు పైవరుస బస్తాల్లోనే ఉన్నాయి, ఒక్క గింజకూ చిల్లు లేదు.

తమ్ముడి ఆఫీసులో గోడమీద గడ్డి కూరిన గద్ద ఒకటి ఉంది, సగం ఈకలూడిపోయి. దాని కిందే నమూనా గోధుమల పళ్లెం. డిటెక్టివ్ తాపీగా టీ తాగి, రాలిన ఈకను దానికంటుకున్న పురుగుతో సహా కవర్లో వేసుకున్నాడు. ఈయనకు ఈకలతో పనేమిటో అసిస్టెంటుకు అంతుపట్టలేదు.

శనివారం ఉదయం అందరూ గిడ్డంగిలో చేరారు.

"ఈ పిల్ల పురుగుల వెంట్రుకలు అచ్చం కాప్రా వాటిలాగే ఉంటాయి, చూసి ఎంతటివాడైనా బోల్తాపడతాడు," అన్నాడు డిటెక్టివ్. "అందుకే ల్యాబుకు పంపాను. సరుకు ప్యాకెట్ మీద గీతల్లాగే ఒక్కో జాతి డీఎన్‌ఏలో ఒక్కో గుర్తుంటుంది. దాన్ని చదవడమే డీఎన్‌ఏ బార్‌కోడింగ్. బస్తాల్లోది కాప్రా కాదు. ఈకలూ ఉన్నీ తినే పురుగు. గోధుమల్లో ఆకలికి చస్తుంది పాపం!"

"మరి ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు అధికారి.

"తాళం ఉన్నవారే తెచ్చి పోశారు. గద్ద మీదిదీ అదే జాతి. అది పళ్లెంలో రాలితే, తమ్ముడుగారు గోధుమల్లో కనబడింది కదా అని కాప్రా అనుకున్నారు. రోజూ ధాన్యం పురుగులతో ఉండేవారు చేసే పొరపాటే ఇది."

తమ్ముడు తల దించుకున్నాడు. "నువ్వే అన్నీ దులుపుకుని, ఎండబెట్టుకుని, నాకు పనే లేకుండా చేశావక్కా. ఈ ఒక్కసారి పొగ పెట్టడానికి పిలుస్తావనుకున్నా. తగలబెట్టేదాకా వస్తుందనుకోలేదు."

గిడ్డంగికి వేద్దామని తెచ్చిన సీళ్ల పెట్టెను అధికారి మూసేశాడు.

"పొగ అక్కర్లేదన్నానురా," అంది అక్క. "నువ్వు అక్కర్లేదని ఎప్పుడన్నాను?" కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏడ్చింది చాల్లే. రైతులొచ్చే వేళైంది, బస్తాలన్నీ నువ్వే దింపాలి."