మూడు మెట్ల లెక్క

బెంగళూరు శివారు హెబ్బగోడిలోని ఆ అద్దె గదుల వరసలో ఆదివారం పొద్దున్నే కుళాయి దగ్గర బిందెల చప్పుడు మొదలైంది. పుష్పావతి స్టవ్ మీద ఉప్మా కలుపుతోంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు పల్లవి గుమ్మం ముందున్న మూడు మెట్ల ఎత్తును టేపుతో కొలుస్తోంది. ఫ్యాక్టరీలో ఇనుప దూలం నడుం మీద పడి కాళ్ళు చచ్చుబడిన తండ్రి మునీంద్ర చక్రాల కుర్చీలోంచి చూస్తున్నాడు.

"నాయనా, నువ్వెంత బరువుంటావు?"

"దేనికి?"

"స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉండాది. మెట్ల మీద పరిచే వాలుబల్ల చేస్తా ఉండా. బరువు తెలిస్తే లెక్క సరిగ్గా వస్తాది."

అప్పుడే మంచం పక్కనున్న నమూనా అతని కంట పడింది. అట్టతో చేసిన ఇల్లు, మెట్లు, సీసా మూతల చక్రాలతో కుర్చీ. కుర్చీలో తనలాగే గళ్ళ చొక్కా వేసుకున్న బొమ్మ.

"నన్ను బొమ్మను చేసి అందరికీ చూపిస్తావా?" వంగి దాన్ని అందుకుని పిడికిట్లో నలిపేశాడు. "నీ మార్కులకు నా కాళ్ళే దొరికినాయా?"

పల్లవి అట్టముక్కలు ఏరుకుంటోంది. పుష్పావతి స్టవ్ ఆర్పి వచ్చింది.

"మార్కులకు కాదప్పా. పోయిన నెల పక్క గదిలో సిలిండర్ అంటుకునింది మర్చిపోయినావా? నేను డ్యూటీలో ఉంటి. అందరూ బయటికి ఉరికినారు. ఇది నిన్ను మెట్లు దించలేక, నీ మూతికి తడిగుడ్డ కట్టి, మంటలు ఆర్పేదాకా పక్కనే కూర్చుండె."

మునీంద్ర మర్చిపోలేదు. ఆ పొగలో కూతుర్ని పొమ్మని అరిచాడు, తిట్టాడు, చెయ్యి విదిలించి కొట్టాడు కూడా. ఆ పిల్ల కదల్లేదు. తరవాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"మళ్ళీ అట్లయితే నువ్వు పో," అన్నాడు గొంతు తగ్గించి.

"పోను. అందుకే లెక్క వేసినా. నువ్వూ కుర్చీ కలిపి ఎనభై కిలోలనుకుంటే, వాలు మీద జారిపోకుండా నేను ఆపగలిగేది పది కిలోలే. ఎనిమిదో వంతు. అంటే వాలు పొడవు మెట్ల ఎత్తుకు ఎనిమిది రెట్లుండాల. ఎత్తు రెండడుగులు, పొడవు పదహారు. మెట్ల ముందర సందులో పన్నెండడుగులే చోటుండాది. నాకింకొంచెం బలముంటే సరిపోతుండె."

ఏరిన అట్టముక్కలు గుప్పిట్లో పట్టుకుంది. తన బలం చాలకపోవడం తన తప్పే అన్నట్టు నిలబడింది.

మునీంద్ర తన చేతుల వైపు చూసుకున్నాడు. ప్రమాదం తరవాత అన్నం కలుపుకోవడానికీ, కోపమొస్తే దేన్నైనా విసరడానికీ తప్ప అవి దేనికీ పనికిరాలేదు.

"నా చేతులు లెక్కలో ఎయ్యలేదే పాపా."

పల్లవి తలెత్తింది.

"చక్రాలు పట్టుకోని నేనూ ఆపుతా కదా. నా బలమెంతో అదీ కొలువు."

ఆ మాట అని ముఖం కప్పుకుని ఏడ్చాడు. కుళాయి దగ్గరున్నవాళ్ళకు కనబడకుండా పుష్పావతి తలుపు మూసింది. పల్లవి అతని మోకాళ్ళ మీద తల పెట్టింది. ఆ కాళ్ళకు ఆ బరువు తెలియలేదు. అతని చెయ్యి మాత్రం తడుముకుంటూ వచ్చి కూతురి తల మీద ఆగింది.