గ్రిగ్రి దారిలో బండి

బండి కదులుతోంది!

అమ్మాయమ్మకి మెలకువ వస్తుంది. చుట్టూ చీకటి. గూడుబండి లోపల, గొంగళి కింద, జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది.

ఆమె పడుకున్నప్పుడు బండి సముద్రం ఒడ్డున, సరుగుడు చెట్ల కింద ఆగి ఉంది. ఎడ్లు మేస్తున్నాయి.

ఇప్పుడు పరిగెడుతున్నాయి...

తోలేది రామలే అయ్యుంటాడు. ఆమె మొగుడు. "ఏవయ్యా" అని పిలవబోతుంది.

గుడ్డతెర సందులోంచి తోలేవాడి వీపు కనిపిస్తుంది.

అది రామలు వీపు కాదు!

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

ముందు వేలాడే లాంతరు వెలుగులో వెడల్పాటి భుజాలు. గడ్డిటోపీ. ఒళ్ళో తుపాకి. డబుల్ బ్యారెల్, రెండు గుళ్ళది!

అది 1909 జూలై, ఈ దీవిలో చలికాలం. దీవి ఉత్తరాన టేర్ రూజ్‌లో చలిజ్వరం ఇంటింటికీ తిరుగుతోంది. వాళ్ళ పాపని అదే పట్టుకుపోయింది. దక్షిణపు గాలి తగిలితే పెళ్ళామైనా బతుకుతుందని రామలు ఈ బండి కట్టాడు. అందులోనే వంట సామాను, అందులోనే పడక. ఒడ్డు పట్టుకుని, నచ్చిన చోటల్లా ఆగుతూ దక్షిణాన సుయాక్ ఊరి దాకా వచ్చారు. ఎండాకాలం దొరలతో కిటకిటలాడే తీరం. ఈ చలిలో మాత్రం విడిది బంగళాలన్నిటికీ తాళాలే. ఒడ్డున ముసలి కాపలాదారు అప్పయ్య తప్ప పలకరించే దిక్కు లేదు.

పొద్దున రామలే ఆమెను ఊళ్ళో తెలిసిన నాగమ్మ ఇంటికి పంపాడు. "రేత్రికి భజనంట. అక్కడే తొంగో" అన్నాడు. మధ్యాహ్నానికి జ్వరం తిరగబెట్టింది. ఆమె వెనక్కి వచ్చేసింది. రామలు లేడు. బండెక్కి ముసుగుతన్ని పడుకుంది.

తను లోపలున్నట్టు వీడికి తెలీదు!

దూకెయ్యాలి. వెనక నుంచి... చప్పుడు కాకుండా...

పాకుతుంది. చేతికేదో అడ్డం తగులుతుంది. తెరచాప గుడ్డలో చుట్టిన పెద్ద మూట. తడిగా ఉంది. వెచ్చగా ఉంది.

మూట మూలుగుతుంది!

నోట్లో గొంగళి కుక్కుకుంటుంది అమ్మాయమ్మ. కేక బయటికి రాకూడదు. గుడ్డ తొలగిస్తుంది. గడ్డం... ముడతల బుగ్గలు... నెత్తురు.

అప్పయ్య!

"తాతా! ఎవుల్లు కొట్టారు?" చెవిలో ఊపిరంత మెల్లగా అడుగుతుంది.

"బంగళాలో... దొరల ఎండి సామాను... దోసుకున్నారు... ఇద్దరమ్మా... రెండోవోడు..."

అంతే. తల వాలిపోతుంది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

బండి ఎడమకి తిరుగుతుంది. అలల హోరు ఒక్కసారిగా పెరుగుతుంది.

గ్రిగ్రి దారి!

ఆ దారి కొండ అంచుదాకా పోయి ఆగిపోతుంది. మిగతా తీరమంతా పగడపు దిబ్బలు అలల్ని ఆపుతాయి. అక్కడ దిబ్బ లేదు. ఆ నీళ్ళలో పడ్డ మనిషి తిరిగి రాడు.

దూకితే తను బతుకుతుంది. తాత?

నిన్న బంగళా బావి నీళ్ళు కుండతో తెచ్చి, "జొరం మనిషివి, నువ్వు రాకు బిడ్డా" అన్నాడు ఈ తాతే.

ఆమె దూకదు.

ఎడ్లు! రోజూ వాటికి కుడితి పెట్టేది ఎవరు?

గొంతు చించుకుని అరుస్తుంది.

"హో... హోహోహో!"

ఎడ్లు ఠక్కున నిలబడిపోతాయి. బండి ఎగిరిపడుతుంది. గడ్డిటోపీవాడు తలకిందులుగా నేలమీద పడతాడు. తుపాకి దూరంగా దొర్లుతుంది.

అమ్మాయమ్మ దూకుతుంది. పడుతుంది. లేస్తుంది. తుపాకి చేతికి దొరుకుతుంది!

"కదలకు! సంపేత్తాను!"

లాంతరు వెలుగు వాడి మొహమ్మీద పడుతుంది. జీన్! మొన్న చేపలమ్మడానికి వచ్చినవాడు. ఈ బండి పక్కనే కూర్చుని చుట్ట కాల్చినవాడు.

"ఆడదా?" జీన్ నోరు తెరుస్తాడు. "బండిలో ఆడదా?"

వెనక దారిలో అడుగుల చప్పుడు. ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు.

రెండోవాడు!

ఆమె గిరుక్కున తిరుగుతుంది. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుంది...

"అమ్మాయీ! నేనే!"

రామలు! ఆమె రామలు!

ఏడుపు తన్నుకొస్తుంది. "వొచ్చేవా! తాతని సంపేత్తన్నారయ్యా..." తుపాకి అతని చేతుల్లో పెట్టేస్తుంది. ఇక భయం లేదు.

జీన్ లేస్తాడు. తాపీగా బట్టలు దులుపుకుంటాడు.

నవ్వుతాడు.

"బండి ఖాళీ అన్నావు కదా రామలూ! వెండి మూటేదీ?"

"చెరుకుతోటలో దాచేను" అంటాడు రామలు.

అమ్మాయమ్మ వెనక్కి ఒక అడుగు వేస్తుంది.

"నువ్వా..." అంటుంది.

రామలు ఆమె వైపు చూడడు.

"అలే, కానియ్!" జీన్ చెయ్యి ఊపుతాడు. "చూసేసింది. దీన్నీ ముసలాణ్ణీ కాల్చెయ్. ఫినీ, పని అయిపోతుంది!"

తుపాకి లేస్తుంది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. పాప మొహం...

ఢాం!

ఆమె పడలేదు.

కళ్ళు తెరుస్తుంది. జీన్ నేలమీద ఉన్నాడు. కదలడం లేదు.

"నిన్ను కాలుత్తాననుకున్నావా?" అరుస్తాడు రామలు. "నీకోసమేనే ఇదంతా! మళ్ళీ టేర్ రూజ్ ఎల్లి నువ్వూ పాపలా పోవాలా? క్యూర్‌పైప్‌లో ఇల్లు తీసుకుందాం. సల్లని ఊరు. జొరం రాని ఊరు..."

"తుపాకి కింద పెట్టు."

రామలు పెట్టడు. బండి వైపు నడుస్తాడు.

"తప్పుకో అమ్మాయీ. ముసలోడు నన్ను సూసేడు. ఆడొక్కడే సాచ్చికం."

ఇంకో గుండు ఉంది!

అమ్మాయమ్మ బండికి అడ్డంగా నిలబడుతుంది. ఇందాకటి జీన్ కంటే, ఆ అలల కంటే, ఈ మనిషంటేనే భయంగా ఉంది.

"నేనూ సూసేను" అంటుంది. "నన్నేటి సేత్తావు?"

"తప్పుకోయే!"

ఆమెను తోస్తాడు. తెర లాగుతాడు. గొట్టం లోపలికి తిప్పుతాడు...

ఆమె రెండు చేతులతో గొట్టం పట్టుకుంటుంది. గుంజుతుంది. అతను గుంజుతాడు. ఎడ్లు బెదిరి రంకె వేస్తాయి...

ఢాం!

లాంతరు ఆరిపోతుంది.

చీకట్లో అమ్మాయమ్మ తడుముతుంది. బండిలో తాత ఊపిరి ఆడుతోంది. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది.

"ఏవయ్యా..." అని పిలుస్తుంది.

రామలు పలకడు.