కుంచం మీద గోపురం

సర్వేశ్వరరావు మీద హేమలతకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎన్నడూ తప్పు చేయడు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. ఒక్కసారైనా, మాటవరసకైనా, నిద్రలో కలవరిస్తూనైనా ఆయన నోట "నాది తప్పు" అన్న మాట ఆమె వినలేదు. ఒకసారి డొంకరాయిలో పెళ్లికని బయలుదేరి, నర్సీపట్నంలో వద్దన్నా వినకుండా అందరినీ ఒక బస్సెక్కించి, రాజవొమ్మంగిలో దింపాడు. తప్పు బస్సుది. కాఫీలో పంచదారకి బదులు ఉప్పు కలిపిన రోజున తప్పు డబ్బాది. పెళ్లి ఫొటోలో ఆయన కళ్లు మూసుకుని ఉంటాడు. తప్పు ఫొటోగ్రాఫర్‌ది. ఆయన కళ్లు తెరిచినప్పుడు కదా తీయాలి!

ఆ రెండో శనివారం పొద్దున్న కొండల మీద మంచు ఇంకా విడలేదు. ఊళ్లో సంత రోజు. సర్వేశ్వరరావు కొండ రైతుల దగ్గర రాజ్‌మా, మిరియాలు, పసుపు కొని పట్నం వ్యాపారులకు అమ్ముతాడు. విజయనగరం వైపు నుంచి తండ్రి వచ్చి పెట్టిన కొట్టు అది. తండ్రి గింజలు కొలిచిన ఇత్తడి కుంచాన్ని సంత రోజున ఆయనే స్వయంగా చింతపండుతో తోముకుంటాడు. ఇంట్లో ఆయన తోమే గిన్నె అదొక్కటే.

"ఏమండీ, ఆ కాగితం మీద సంతకం?" ఉప్మా పెడుతూ అడిగింది హేమలత.

"సంత నుంచొచ్చి పెడతాను. బేగి పచ్చడెయ్యి."

"రేపటిలోగా ఇవ్వకపోతే ఇకపై బడి గది ఇవ్వరు. క్లాసు వేరే మండలానికి వెళ్లిపోతుంది."

"నా పెళ్లాం మేడమైన క్లాసుని నేనే పంపించేస్తానేటి?"

నిజానికి ఆ క్లాసు గురించి ఊరంతా తిరిగి చాటింది ఆయనే. విశాఖపట్నం నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు వచ్చి, ఆదివారాలు హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు డబ్బు గురించీ, ఉద్యోగాల గురించీ, చిన్న వ్యాపారాల గురించీ పాఠాలు పెట్టారు. చెప్పడానికి ఊళ్లోవాళ్లే కావాలన్నారు. బీకాం చదివి పోపుల డబ్బాకి ఆడిటర్‌గా మిగిలిపోయిన హేమలతకి ఆ పని దొరికింది. తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ సర్వేశ్వరరావు. గది కావాలంటే ఆయన సంతకం కావాలి. ఆ కాగితం వారం నుంచి ఫ్రిజ్ మీద ఉంది.

మధ్యాహ్నం పన్నెండు కాకుండానే ఆయన తిరిగొచ్చేశాడు. కుంచం అరుగు మీద పెట్టిన చప్పుడుకి పెరట్లో కోళ్లు లేచిపోయాయి.

"నీ పిల్లలకి నువ్వేటి నేర్పుతన్నావు?"

"డబ్బు గురించి."

"నా డబ్బు గురించని సెప్పలేదే!"

వెనకాలే వచ్చిన కూతురు బిందుమాధవి అసలు సంగతి చెప్పింది. ఆమె క్లాసుమేటు సోని, తండ్రి బుధుతో కలిసి కొండ మీంచి రాజ్‌మా బస్తా దింపింది. సర్వేశ్వరరావు మామూలుగానే కుంచం నింపించి, దాని మీద గింజలు జారి కింద పడేదాకా గోపురంలా పోయించాడు. అంతా కలిపి ఒక కుంచం. ముప్పై ఏళ్లుగా అదే కొలత. సోని ఆ గోపురం మీద అరచెయ్యి పెట్టింది.

"'సావుకారూ, దీనికి ధర వేరే కట్టండి. కట్టకపోతే అంచుదాకా కోసేయండి' అంది నాన్నా. మర్యాదగానే అంది కదా?"

"మర్యాదేటి! ధర ఒప్పుకునే ముందు కొలత ఒప్పుకోవాలని మేడమ్ సెప్పారంట. నలుగురిలో! ఆ బుధు మాట్లాడకుండా బస్తా మూతి కట్టేశాడు. ఎనకాల ఉన్న ఐదుగురూ కట్టేశారు. నువ్వు ఎవరి పార్టీవే?"

"సోనీ నేనూ ఒకే టీమ్ నాన్నా. రాజ్‌మా ఏరి, తూచి, పాకెట్లు కట్టి టూరిస్టులకి అమ్ముతాం. మా మొదటి బస్తా బుధు మావదే."

సర్వేశ్వరరావు భార్య వైపు తిరిగాడు. "సంతకం పెట్టను. రేపట్నించి నువ్వు ఆ బడికేసి ఎళ్లకు."

"వెళ్తాను."

"గది తాళం తియ్యరు."

"మెట్ల మీద చెప్తాను. పాఠానికి గోడలెందుకు?"

"ఈ కుంచంతోనే మా నాన్న ఈ ఇల్లు కట్టాడు హేమా!" ఆయన గొంతు పైకి లేచి, మధ్యలో విరిగింది. "మా నాన్న దొంగంటావేటి?"

హేమలత గరిటె కింద పెట్టింది. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆమెకి అప్పుడు కనిపించింది. అయినా వెనక్కి తగ్గబుద్ధి కాలేదు.

"దొంగ అంటే ఆ లెక్కలో ముందు నన్నే వేసుకోవాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ గోపురాల అన్నమే తింటున్నాను. బీకాం చదివిన కళ్లతో రోజూ చూసి, ఏమీ అనకుండా కూర్చున్నాను. ఆ సోని గుంట అడిగేదాకా నాకు నోరు రాలేదు. మళ్లీ మూసుకోమంటే మూసుకోను."

అరుగు చివర అత్తగారు గంగాభవాని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపింది.

"మీ నాయన దొంగ కాడురా సర్వేసూ. ఆ రోజుల్లో వోళ్లు పచ్చిగింజలే తెచ్చీవోరు. చేత్తో పడితే తడి అంటుకునీది. మనింట్లో ఆరబెడితే కుంచం గింజలు ముప్పావు కుంచం అయిపోయేవి. అందుకని బుధు వాళ్ల అయ్యతో మాటాడుకునే గోపురం పోయించుకునీవోడు. ఇప్పుడు బుధు గలగల్లాడే ఎండుగింజలు తెత్తన్నాడు. ఇంకా గోపురం దేనికిరా?"

"మరిన్నాళ్లూ సెప్పలేదేటమ్మా?"

"నువ్వడిగావేటి?" అని, ముసలామె తల దించుకుంది. "నాకూ ఆ గోపురం బాగానే ఉండీదిలే. అందుకే ఊరుకున్నాను."

సర్వేశ్వరరావు కుంచం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి తేల్చాడు. "అయితే తప్పు గింజలది. పచ్చిగా రావలసినవి ఎండిపోయి వచ్చాయి."

ఎవరూ నవ్వలేదు. ఆయన భోజనానికి కూర్చుని, అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. తప్పు పులుసుదట.

మర్నాడు పొద్దున్న ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఖాళీగా ఉంది. హేమలత స్నానం చేసి, గంజిపెట్టిన చీర కట్టుకుని, ఆయన చూస్తుండగానే కొట్లోకి వెళ్లి కుంచం చంకనెత్తుకుంది.

"అదెక్కడికి?"

"బడికి."

"అది నాది!"

"పాఠం కూడా మీదే," అని చెప్పులేసుకుంది.

బడి పక్క కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు ఆపి చూశారు. "ఏటి హేమమ్మా, కుంచం పట్టుకెళ్తన్నావు? ఎవరింట పెళ్లి?"

"పెళ్లి కాదు, విడాకులు. కుంచానికీ గోపురానికీ."

గది తాళం వేసే ఉంది. ఇరవైముగ్గురు పిల్లలూ మెట్ల మీద సర్దుకున్నారు. బిందు తమ టీమ్ ఎలక్ట్రానిక్ కాటా మోసుకొచ్చింది. బుధు బస్తా దింపి, దూరంగా గొంతుక్కూర్చున్నాడు. సోని గింజలు గోపురంగా పోస్తుండగా గేటు దగ్గర స్కూటర్ ఆగింది. సర్వేశ్వరరావు ముఖం గంటు పెట్టుకుని దిగాడు. వెనక సీటు మీంచి గంగాభవాని దిగి, తిన్నగా వచ్చి మొదటి మెట్టు మీద కూర్చుంది.

"క్లాసు ఆపండి," అన్నాడాయన.

"ఆపుతాం సావుకారూ, ఇది తూచేసి," అంది సోని. గొంతులో బెరుకు ఉంది కానీ చెయ్యి ఆగలేదు. గోపురాన్ని కంచంలోకి కోసి, కాటా మీద ఒంపింది. నాలుగు వందల ఇరవై గ్రాములు.

"కాటా తప్పు."

బిందు సంచిలోంచి కిలో పంచదార పాకెట్ తీసి కాటా మీద పెట్టింది. సరిగ్గా కిలో చూపించింది. "మన కొట్లోదే నాన్నా."

"గాలి తోస్తంది."

పిల్లలంతా లేచి, కాటా చుట్టూ గోడలా నిలబడ్డారు. మళ్లీ తూచారు. నాలుగు వందల ఇరవై.

"ఆ గుంట ఎక్కువ పోసింది!"

సోని కుంచం ఖాళీ చేసి రెండు చేతులతో ఆయనకి అందించింది. "అయితే మీరే పోయండి. సంతలో ఎలా పోయిస్తారో అలాగే."

ఆయన కుంచం బస్తాలో ముంచాడు. అలవాటుగా చెయ్యి కుంచాన్ని మూడుసార్లు తట్టింది. గింజలు కూరుకున్నాయి. మీద మళ్లీ పోశాడు. గోపురం సోని పోసినదానికన్నా ఎత్తుగా లేచింది. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

"నవ్వకండి," అంది హేమలత. "ఇవాళ ఆయన మన అతిథి."

అంతసేపూ నోరు విప్పని బుధు అప్పుడు లేచాడు. "సావుకారూ, ఇది ఒక్క కుంచం. నేను పోసినవి, మా అన్నదమ్ములు పోసినవి... ఎండుగింజల మీద పోసిన ఆ గోపురాలన్నీ ఏటయ్యాయి?"

సర్వేశ్వరరావు తల్లి వైపు చూశాడు.

"నాకేసి సూడకు. నాది నేను నిన్ననే సెప్పేశాను," అంది గంగాభవాని.

ఆయన గోపురం మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఒక్క తుడుపు తుడిచాడు. గింజలు బుధు బస్తాలోకి వానచినుకుల్లా రాలాయి. కుంచం అంచు మొదటిసారి కనిపించింది.

"తప్పు..." అన్నాడు.

హేమలత ఊపిరి బిగబట్టింది. ఆ మాట తర్వాత ఇక ఎవరి పేరైనా రావచ్చు. కుంచానిది, కాటాది, కాలానిది.

"...నాది," అన్నాడు గొణుగుతూ.

"ఏమండీ, వెనక వరసకి వినపడలేదు," అంది హేమలత. అనేటప్పటికే ఆమె కళ్లు నిండిపోయి ఉన్నాయి.

ఆయన ఆమెను గుర్రుగా చూశాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అది ఎప్పుడు ఫ్రిజ్ దిగిందో ఆమె చూడలేదు. కుంచం బోర్లించి, దాని అడుగు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. కుంచం సోని చేతికిచ్చాడు.

"ఇదింక బళ్లోనే ఉండనీ. కొట్లో కాటా పెడతాను." తర్వాత బుధు ఎదురుగా నిలబడ్డాడు. "ఈ ఏడాది గోపురాలకి డబ్బు కట్టేస్తాను. ఎనకటివి ఎన్నో నాకే తెలీదు, తీర్చలేను. నాన్నది కాదు, గింజలది కాదు." వెనక వరస పిల్లలకే కాదు, కుళాయి దగ్గర ఆడవాళ్లకి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు.

"తప్పు నాది బుధూ. నాదే."