ఇంట్లోనే ఉండరా, వస్తున్నాం!

“మీకు ముందే తెలుసా...?”

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. భర్త తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తలూపాడు. అంతే! ఆమె తమ్ముణ్ణి ఆమె కళ్ళముందే బేడీలు వేసి, వీధి వీధంతా చూస్తుండగా ఈడ్చుకుపోయారు. కడుపుతో ఉన్న మరదలు గుమ్మంలోనే కూలబడిపోయింది. ప్రేమగా వండి తీసుకెళ్ళిన క్యారియర్ మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చింది. ఈయనగారు మాత్రం ఏమీ జరగనట్టు చెప్పులు విడిచి, సబ్బు పెట్టి మరీ మొహం కడుక్కున్నారు! “నువ్వు ముందెళ్ళు, వెనకే వస్తాను” అని తనను ఆటో ఎక్కించిన మనిషి ఈయనే.

ఆయనది మత్తుమందుల నిఘా విభాగంలో ఉద్యోగం. ఆఫీసు సంగతులు ఇంట్లో ఏనాడూ ఎత్తని మనిషి, ఆ రోజు నోరు విప్పాడు.

“ఇవాళ మీవాడి పేర వచ్చిన పెట్టె, అది బయల్దేరిన దేశంలోనే దొరికింది. కుట్టుమిషన్ మోటార్ల మధ్య మత్తుపొడి! అక్కడివాళ్ళు దాన్ని తీసేసి ఉప్పు నింపి, మళ్ళీ మేకులు కొట్టి ఓడెక్కించారు. దారిలో ఏ రేవులో ఆగితే ఆ రేవు పోలీసులు కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాశారు. పంపినవాణ్ణీ, అందుకున్నవాణ్ణీ ఒకేసారి పట్టుకోవాలి. ఎక్కడ మాట పొక్కినా అన్ని దేశాల్లోనూ జారుకుంటారు. మీ తమ్ముడు తన చేత్తో పెట్టె తీసుకోవాలి. వాడు ఇంట్లో లేకపోతే కేసే లేదు.”

“నాతో ఫోను చేయించింది... అందుకా!”

నిన్న సాయంత్రం ఎంత మురిసిపోయింది, పిచ్చిది! పెళ్ళయినప్పటి నుంచి పుట్టింటి ఊసెత్తితే మొహం ముడుచుకునే మొగుడు, “పాపం, మీ తమ్ముణ్ణి చూసి చాన్నాళ్ళయింది కదా, రేపు భోజనానికి వెళ్దాం, ఫోను చెయ్యి” అన్నాడు. ఆమె కాలు నేల మీద నిలవలేదు. “ఒరేయ్ చిన్నోడా, రేపెక్కడికీ వెళ్ళకు. ఇంట్లోనే ఉండరా, వస్తున్నాం!” అంది. “ఊరెళ్ళే పనుందక్కా...” అని వాడు నసిగితే, “అయితే అక్కంటే లెక్కలేదన్నమాట” అని అలిగింది కూడా! తల్లి పోయేనాటికి వాడు పాలు మరవని పసివాడు. చంకనేసుకుని పెంచింది ఆమే. ఆమె అలిగితే వాడు తట్టుకోలేడు. ఆగిపోయాడు.

“నాతో ఒక్క మాట చెప్పలేకపోయారా?”

“చెప్తే ఏం చేసేదానివి?”

అబద్ధం చెప్పాలనుకుంది. నాలుక తిరగలేదు. “వాడితో చెప్పేసేదాన్ని...”

“తెలుసు. అందుకే చెప్పలేదు” అన్నాడు. “ఆకలిగా ఉంది, అన్నం పెట్టు.”

ఆ క్యారియర్‌లోదే వడ్డించింది. ఆయన మారు వడ్డించుకుని తిన్నాడు!

తమ్ముణ్ణి చూడ్డానికి జైలుకి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఒకటే మాట వల్లె వేసుకుంది. ‘నాకేం తెలీదురా చిన్నోడా, నన్ను క్షమించరా...’ కానీ ఇనుప జాలీ అవతల తమ్ముడు ఆమెను నోరు తెరవనివ్వలేదు.

“ఇది నా పెళ్ళాం పనే అక్కా! ఈ వ్యాపారం వద్దని రోజూ నా ప్రాణం తోడేసేది. అదే ఉప్పందించింది! బయట మనవాళ్ళకు కబురు చేస్తున్నా. పురుడు కానీ, బిడ్డను లాక్కుని దాన్ని కనబడకుండా చేసేస్తారు.”

“పెట్టెలో ఏముందో నీకు తెలుసారా...?”

“తెలియకేం! నేనేమన్నా ఎవడి నోట్లోనన్నా కుక్కానా? తినేవాడి ఖర్మ!” అని నవ్వాడు.

తను ముద్దలు పెట్టి పెంచిన నోరేనా అది! ‘మీ బావరా’ అనే మాట పెదవుల దాకా వచ్చింది. అంటే, ఆ కబురేదో ఆయన మీదికి పోతుంది. అనకపోతే, ఆ కడుపుతో ఉన్న పిల్ల మీదికి... జాలీ పట్టుకుని నిలదొక్కుకుంది.

“దాన్నేమీ అనకు. నిన్ను పట్టించింది నేను. తెలిసే పిలిచాను.”

వాడు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఎగతాళేమో అనుకున్నాడు పాపం! ఆమె చూపు తిప్పుకోలేదు.

“నేను ఊరెళ్ళిపోయేవాణ్ణి కదే! నువ్వు అలిగావని ఆగాను... నీ చేతి అన్నం కోసం ఆగాను!” వాడు జాలీ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. “ఫో! నాకు అక్క లేదు. చచ్చిపోయింది!”

తర్వాత మరదలు లోపలికెళ్ళింది. ఆమె బయట వరండాలో గోడకు జారగిలబడి నిలుచుంది. కాసేపటికి మరదలు ఊగిపోతూ బయటికొచ్చింది.

“మీరేనా వదినా! కన్నకొడుకులా పెంచానని చెప్పుకునేవారే... తెలిసి తెలిసి పట్టించారా? మీకూ కడుపుకోత తెలియాలి! నా బిడ్డ మీద మీ నీడ కూడా పడనివ్వను!”

‘నీ మొగుడు నిన్నేం చేయించబోయాడో తెలుసా?’ అని ఒక్క మాటంటే చాలు. కానీ ఆ పిల్లకు ఈ లోకంలో మిగిలింది ఆ మొగుడి మీద ప్రేమొక్కటే... అదీ తుంచెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. తిట్లన్నీ తలొంచుకుని విన్నది.

అవతల జీపు దగ్గర భర్త ఫోనులో ఎవరితోనో పకపకా నవ్వుతున్నాడు. ఆమెను చూసి, “పెట్టె పంపినవాళ్ళలో చివరివాడూ దొరికాడట!” అని ఉత్సాహంగా కేకేశాడు.

“మంచిదండీ” అంది.

మరదలు కళ్ళు తుడుచుకుంటూ విసురుగా మెట్ల వైపు నడిచింది. అప్పుడే ఎవరో కడిగి వెళ్ళారు.

“మెల్లిగా అమ్మా... మెట్లు తడిగా ఉన్నాయి” అంది ఆమె.

మరదలు వెనక్కి తిరిగి చూడలేదు. కానీ గోడ పట్టుకునే దిగింది.