బోడి గుట్టకి తొమ్మిది మార్కులు

“ఆ బోడి గుట్టకి పదికి తొమ్మిదా? కళ్లు తెరిచి చూశావా, కునుకు తీసి వచ్చావా?”

ఆఫీసర్ గొంతు వరండా దాకా వినిపించింది. కుర్రవాడు బిక్కమొహం వేశాడు. ఊరి చుట్టుపక్కల కొండలూ చెరువులూ చూసి, జనం సరదాగా గడపడానికి ఏది బాగుంటుందో మార్కులు వేయడం అతని ఉద్యోగం. గుట్టకి అతనితోపాటు మ్యాపులు గీసే అమ్మాయి కూడా వెళ్లింది. ఎవరి మార్కులు వాళ్లవి.

“ఆ అమ్మాయి రెండే వేసింది. నీ మాట నమ్మి రోడ్డు వేయిస్తే వచ్చినవాళ్లు నన్ను తిడతారు. మళ్లీ వెళ్లి చూడు. ఈసారీ ఇలాగే చేస్తే వేరే పని వెతుక్కో.”

మర్నాడు ఒక్కడే వెళ్లాడు. కంకర, ముళ్లకంప, చెవుల్లో హోరుమనే గాలి. అంతే. కూర్చుందామంటే నీడ లేదు. మొన్న ఇక్కడే కదా, ఆమె టోపీ ఎగిరిపోతే ఇద్దరూ దాని వెంట పరిగెత్తారు, ఆమె పడీ పడీ నవ్వింది! ఎంత బాగుందీ చోటు! గుట్ట మారిందా, తనకేమైనా అయిందా? ఏమీ పాలుపోలేదు.

దిగేసరికి సగం అర్థమైంది. మిగతా సగం మనసులో కలుక్కుమంది. తనకి తొమ్మిదైన రోజు ఆమెకి రెండా?

తిన్నగా మ్యాపుల గదికి వెళ్లాడు. ఆమె పెన్సిల్ చెక్కుకుంటోంది.

“నాతో రావడం మీకంత విసుగనిపించిందా?”

“ఎవరన్నారు?”

“రెండు మార్కులు వేశారుగా!”

“గుట్టకండీ! నీళ్లు లేవు, నీడ లేదు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు ఏం చేస్తారక్కడ? మీరెంత వేశారేంటి?”

“తొమ్మిది.”

“తొమ్మిదా! ఏం చూసి?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఆ చెవులవైపు చూసి, పెన్సిల్ కింద పెట్టేసింది.

“మిమ్మల్నే చూశాను,” అన్నాడు చివరికి. “గుట్టని ఇవాళే చూశాను. రెండు కూడా ఎక్కువే.”

ఆమె కిటికీవైపు తిరిగింది. బయట చినుకులు మొదలయ్యాయి.

“ఆ రోజు ఇంటికెళ్లగానే మా అమ్మ పట్టేసింది, ఏంటే ఆ నవ్వు అని. ఏం చెప్పాలో తెలీక, గుట్ట చాలా బాగుందమ్మా అనేశా. ఈ ఆదివారం చూపించమని ఒకటే గోల!”

“అయ్యో! అక్కడేముందని చూపిస్తారు?”

“అందుకేగా,” ఆమె తల వంచుకుంది. “నువ్వూ రావాలి.”