హబూర్ బావి మూతరాయి

కాలం చేసిన మా చిన్నాన్న గఫాన్ కొడుకు ముస్తహైల్ నా నోటి దగ్గర ముద్ద లాక్కున్నాడు. వాడికి ఆ అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఇసుక కింద పదిహేను వందల ఏళ్ళు పడుకున్న హబూర్ నగరాన్ని కనిపెట్టింది ఎవరు? నేను. 1991లో డెన్మార్క్ ప్రొఫెసర్‌ని జీపెక్కించుకుని, కూలిన బురుజు మీద నిలబెట్టి, "ఇదిగో, ఇదే" అని చూపించింది ఈ బఖీత్. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

ఇరవై ఎనిమిదేళ్ళకి ప్రభుత్వం కళ్ళు తెరిచింది. నగరం దగ్గర బోర్డు పెడతామంది. కనిపెట్టినవాడి పేరు దాని మీద రాస్తారు. ఆ కుటుంబానికి నీటి పర్మిట్‌తో సహా పొలం ఇస్తారు. నేను దరఖాస్తు పెట్టాను.

మర్నాడే ముస్తహైల్ కూడా పెట్టాడు.

"మా నాన్న 1962లోనే చూశాడు. అక్కడి బావి మూతరాయి మీద మా ఒంటెల ముద్ర చెక్కి వచ్చాడు" అన్నాడు. ఇసుక తుడిచి రాయి చూపించాడు. ఎవరో టూరిస్టు ఫోన్‌తో ఫొటో తీశాడు. పేపర్లో వచ్చింది. రాయి మసగ్గా పడింది, పక్కన వాడు మాత్రం బాగా పడ్డాడు, నెత్తిన కొత్త తలపాగా.

మా ఆవిడ కూడా ఊరుకోలేదు. "మీ తమ్ముడు ఫొటోలో బాగున్నాడు" అంది.

సోమవారం ఉదయం పది గంటలకి దరఖాస్తులు తేల్చడానికి కమిటీ వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం రాయి మాయమైంది.

*

శనివారం ఉదయం 7.40. సలాలా పట్నం నుంచి పోలీసు కెప్టెన్ జహ్రాన్ వచ్చి జీపు దిగాడు. పొట్టి మనిషి. కొండ ప్రాంతం వాడు. నాలుగడుగులు వేసేసరికి బూట్ల నిండా ఇసుక.

బావి నోటికి అడ్డంగా రెండు చెక్కపలకలు. వాటి మీద ముళ్ళకంప. మూతరాయి లేదు.

కెప్టెన్ ముందు వాచ్‌మన్ రజబ్‌ని పట్టుకున్నాడు.

"రాయిని చివరిసారి ఎప్పుడు చూశావు?"

"పన్నెండూ పదికి సార్. జుమ్మా నమాజుకి వెళ్తూ."

"తిరిగొచ్చింది?"

"ఒంటిగంటంపావుకి. అప్పటికే లేదు."

"ఈ పలకలు, కంప నువ్వేనా పెట్టింది?"

"కాదు సార్. ఇలాగే ఉన్నాయి."

కెప్టెన్ ఆ కంప వైపు అర నిమిషం చూశాడు. పలకల మీద ఫింగర్‌ప్రింట్స్ లేవు, ఎవరో ఇసుకతో తోమేశారు. టైరు జాడలున్నాయి గానీ ఏం లాభం? మా ఊళ్ళో సగం మందికి అవే పికప్‌లు, అవే టైర్లు.

ముస్తహైల్ ముందుకొచ్చాడు.

"దొంగెవరో ఊళ్ళో మేకనడిగినా చెబుతుంది సార్. అదిగో, మా అన్న. అంత దూరంగా నిలబడ్డాడు చూడండి."

"నోరు అదుపులో పెట్టుకోరా" అన్నాను.

"పెట్టుకుంటా. నువ్వు రాయి తెచ్చి పెట్టు."

కెప్టెన్ చెయ్యెత్తాడు. ఇద్దరం ఆగాం.

"ఇది బయటివాడి పని కాదు" అన్నాడు. "పాత వస్తువులు అమ్ముకునేవాడు రాయి పట్టుకుని పారిపోతాడు. బావి మూయడు. మేకలు పడిపోతాయేమోనన్న బెంగ ఇక్కడ పుట్టినవాడికే ఉంటుంది."

తర్వాత నా వంతు.

"జుమ్మాలో ఏ వరసలో ఉన్నావు?"

"చివరి వరసలో."

"పక్కన ఎవరున్నారు?"

"చెప్పులు."

అతను నవ్వలేదు. ఫోన్ తీశాడు. "టూరిస్టు పంపిన ఫొటో. రాయి స్పష్టంగానే ఉంది. చూస్తావా?"

"అక్కర్లేదు. పేపర్లో చూసింది చాలు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా మా మేనత్త తుఫూల్ ఇంట్లో కూర్చున్నాడు. ఆమె మా నాన్నకీ, చిన్నాన్నకీ అక్క. ఒంటెపాలు మూడు గిన్నెలు తాగాడట.

*

ఆదివారం సాయంత్రం 4.20. ఊరి పెద్దగదిలో ఐదుగురం. కెప్టెన్, నేను, ముస్తహైల్, రజబ్, అత్త. మధ్యలో ఖర్జూరాలు, కాఫీ. ఒక పళ్ళెంలో ఇసుక.

"అమ్మా, మీ నాన్నగారి ఒంటెల ముద్ర గీయండి" అన్నాడు కెప్టెన్.

అత్త వేలితో గీసింది. ఒక సున్నా. కింద అడ్డగీత.

"అంతేనా?"

"అంతే నాయనా. బఖీత్ ఒంటెలకి ఇప్పటికీ ఇదే."

"ముస్తహైల్ ఒంటెలకి?"

"తమ్ముళ్ళిద్దరూ మందలు పంచుకున్నారు కదా, అప్పుడు చిన్నవాడు పక్కన ఇంకో నిలువుగీత కలిపాడు. లేకపోతే ఎవరి ఒంటె ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"ఏ సంవత్సరం?"

"మా రెండో పిల్ల పుట్టిన ఏడు."

"అంటే 1974. ఆమె పాస్‌పోర్ట్ చూశాను."

కెప్టెన్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఫొటో పెద్దది చేశాడు. సున్నా. కింద అడ్డగీత. పక్కన నిలువుగీత.

"1962లో చెక్కిన రాయి మీద 1974 గీత ఎలా వచ్చింది, ముస్తహైల్? మీ నాన్న పేరు చెప్పి నువ్వే చెక్కావు. ఒంటెలకి ఏటా వేసే ముద్రే కదా, చెయ్యి దానంతట అదే వేసేసింది."

ముస్తహైల్ ఫోన్ మీదికి వంగాడు. "అది గీత కాదు సార్. పగులు."

"కావచ్చు. ఫొటోలో తేలదు. రాయి ఉంటే ల్యాబ్‌లో నిమిషంలో తేలుస్తారు. రాయి దొరకలేదు." కెప్టెన్ కాఫీ పోసుకున్నాడు. "రేపు పదింటికి కమిటీ. రాయి లేకపోతే ఫొటో నిలబడుతుంది, బోర్డు మీద ముస్తహైల్ పేరు పడుతుంది. దొరికితే ఆ పేరు పోతుంది. దాచినవాడి పేరూ పోతుంది. సాక్ష్యం మాయం చేసినవాడి దరఖాస్తు చెల్లదు. అది రూలు."

నా వైపు చూడలేదు. కాఫీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

అరవై కిలోల రాయి. దుప్పటి కప్పి, చుట్టి, బండికెత్తి, దించి, పాతాను. ఒక్కసారి దుప్పటి తీసి చూసి ఉంటే ఆ గీత కనపడేది. ఆ ముద్ర సంగతి నాకంటే ఎవడికి తెలుసు? చూడలేదు. వాడి గొప్పని నా కళ్ళతో చూడబుద్ధి కాలేదు. అక్కడే వదిలేసి ఉంటే కమిటీ ముందు వాడంతట వాడే మునిగేవాడు. పొలం నాదయ్యేది.

ఇప్పుడు నోరు మూసుకుంటే వాడికి పొలం. నోరు విప్పితే ఇద్దరికీ లేదు, పైగా నాకు కేసు.

అరగంట ఓర్చుకున్నాను.

ముస్తహైల్‌కి ధైర్యం తిరిగొచ్చింది. నా కప్పులో కాఫీ పోశాడు.

"తాగన్నా, చల్లారిపోతోంది. బోర్డు పెట్టేరోజు నువ్వూ రా. ఫొటోలో నా పక్కన నిలబడుదువుగాని."

"తొట్టి కింద" అన్నాను.

"ఎవరి తొట్టి?" కెప్టెన్ పెన్ను తీశాడు.

"నాదే. ఒంటెల నీళ్ళతొట్టి. తూర్పు పక్క, రెండడుగుల లోతు."

ముస్తహైల్ చేతిలో కాఫీకుండ ఒలికింది. వాడి మొహం చూశాను. తృప్తిగా చూశాను.

కెప్టెన్ టైము రాసుకున్నాడు. 4.58.

"నన్నెప్పుడు పట్టావు?" అని అడిగాను.

"ఫొటో వద్దన్నప్పుడు. పోయిన వస్తువు ఫొటో చూపిస్తే ఊరంతా మీదపడి చూసింది. నువ్వు తప్ప. నిన్ను పట్టుకోవడం సులువే. రాయి ఎక్కడుందో నీ చేతే చెప్పించాలి కదా. ఇరవై పెరళ్ళు తవ్వించే టైము నాకు లేదు."

"చెప్పనని అనుకోలేదా?"

"తమ్ముడు కాఫీ పొయ్యకపోతే ఏమో" అన్నాడు.

అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ నాన్నలు మందలు పంచుకున్నారురా. మీరు ఇసుక పంచుకున్నారు" అని లేచి వెళ్ళిపోయింది.

బోర్డు మీద డెన్మార్క్ ప్రొఫెసర్ పేరొక్కటే పడింది. పొలం ఇంకో తెగవాళ్ళకి రాసిచ్చారు. వాళ్ళ గడ్డి నా పెరట్లోంచి పచ్చగా కనపడుతుంది. నాకు పోయింది పదమూడు వేల ఎనిమిది వందల చదరపు మీటర్లు. అంటే నీళ్ళతో సహా మూడెకరాల నలభై ఒక్క సెంట్లు.